కట్టని వంతెనకు వేసిన ఓట్లు

అధ్యక్షులవారికి, ముందు వరుసలో పక్కపక్కనే కూర్చుని కూడా భుజాలు తగలనివ్వని మాజీ శాసనసభ్యులిద్దరికీ, పెద్దలకూ, టీ కోసమే వచ్చామని నాతో ఒప్పుకున్న మిత్రులకూ నమస్కారం. (నవ్వులు)

ఈరోజు పదవీ విరమణలు రెండు. ముప్పై ఒక్కేళ్లు ఓటర్ల జాబితా రాసిన గుమాస్తా, చెవి మీద పెన్సిల్ లేకుండా ఎవరూ చూడని మా పెన్సిల్ మామయ్యది ఒకటి. ఈ నియోజకవర్గానిది రెండోది. రేపటి నుంచి రైలు పట్టాలకు తూర్పున ఉన్నవాళ్లు నగరంలో కలుస్తారు, పడమటివాళ్లం మేం పల్లెల నియోజకవర్గంలో కలుస్తాం. మన శివారుకంటూ ఇక శాసనసభలో కుర్చీ లేదు.

మన రాజకీయ చరిత్రకు పెద్ద పుస్తకం అక్కర్లేదు. మొదట గెలిచిన ఇటుకల బట్టీ యజమాని రైల్వే గేటు మీద వంతెన కడతానన్నారు, ఆయన్ని ఓడించిన డాక్టరుగారు అదే వంతెన ఇంకాస్త వెడల్పుగా కడతానన్నారు, ఆ తర్వాత ఎదురుగా ఉన్న మీరిద్దరూ "ఆయన కట్టనివ్వలేదు" అని ఒకరి మీద ఒకరు చెప్పి వంతులవారీగా గెలిచారు. తొమ్మిది ఎన్నికలు, నాలుగు శిలాఫలకాలు. ఒకదాని మీద మా వీధివాళ్లు బట్టలుతుకుతారు సార్, రాయి మాత్రం మంచిది. (నవ్వులు)

మా అమ్మ ఏడుసార్లు ఆ వంతెనకే ఓటేసింది. "ఈసారి కట్టేస్తార్రా, మొహం చూస్తే తెలియట్లా?" అనేది. పోయినేడాది ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్తుంటే గేటు పడింది. రెండు గూడ్సు బళ్లు. ఇరవై రెండు నిమిషాలు.



మామయ్య సంగతికొస్తాను. చనిపోయినవారి పేరు తీసేయడానికి ఎవరైనా ఇంటికి ఫారం పంపి ఊరుకుంటారు. ఈయన స్వయంగా వెళ్లి, కూర్చుని, మంచినీళ్లడిగి తాగి, ఇంట్లోవాళ్లు సంతకం పెట్టాకే గీత గీస్తారు. అందుకే మన జాబితా ఎప్పుడూ ఆలస్యం, పైనుంచి ఎప్పుడూ చీవాట్లు. రెండేళ్లుగా నాది ఆయన పక్క బల్ల. అయినా అమ్మ విషయం ఆఫీసులో ఎత్తలేదు, ఇంటికొచ్చి తలుపు తట్టారు. నాలుగుసార్లు.

"దాహమేస్తోందిరా."

"ఇవాళ కాదు మామయ్యా."

"నేనేం అడిగాను? నీళ్లేగా!"

తాగి వెళ్లిపోయేవారు.

ఈ సాయంత్రం జాబితాలు అప్పగించాలి. నేను సంతకం పెట్టకపోతే రేపు మా అమ్మ కొత్తచోట ఓటరవుతుంది. అక్కడా ఎవరో ఒకరు వంతెన కడతామంటారు. ఆమె నమ్మేస్తుంది, నాకు తెలుసు.

మామయ్యా, ఫారం మీ జేబులోనే ఉంది, ఇలా ఇవ్వండి. మాజీలిద్దరూ ఒకేసారి పెన్నులు తీశారు... వద్దండి, నా దగ్గరుంది.

పెట్టేశాను. గీత మీరే గీయండి మామయ్యా, నెమ్మదిగా. ఈ నియోజకవర్గం జాబితాలో కొట్టేస్తున్న ఆఖరి పేరు ఇదే.

ఓపిగ్గా కూర్చున్నారు, అందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.