మడవ కాడ లేని మనిషి

తిరపతయ్యని ఉండేవోడంట, కాలవ మొదట్లో పొలం. పోలేరయ్యని ఆయనకో తోడల్లుడు, అంటే అక్కాచెల్లెళ్లని చేసుకున్నారన్నమాట ఇద్దరూ. ఇతని పొలం కాలవ చివర. అప్పటిదాకా సర్కారు మనిషి వచ్చి నీళ్లొదిలి పోయేవోడు. మొదటోళ్లు కావాల్సినంత పెట్టుకునేవోళ్లు, చివరోళ్లు మబ్బు కేసి చూసేవోళ్లు. ఇట్టా కాదని సర్కారు ఏమందంటే, ఇక కాలవ మీదే, సంఘం పెట్టుకుని మీరే పంచుకోండి అంది. ఆ మాట చెప్పను ఒక ఇంజినీరు గారొచ్చి బడి వరండాలో అందర్నీ కూర్చోబెట్టాడంట. ఏమన్నా అడగండయ్యా అంటే ఒక్కడు నోరిప్పితే ఒట్టు. అప్పుడు పోలేరయ్య లేచి, 'అయ్యా, నీళ్లు రాని యేడు కూడా కాలవ మాదేనా?' అన్నాడంట. జనం ఘొల్లుమన్నారు, ఇంజినీరు గారూ నవ్వాడు. అంతే, అడిగే నోరున్నోడు ఇతనేనని పోలేరయ్యని సంఘానికి ప్రెసిడెంటుని చేశారు.

తిరపతయ్యకి కుళ్లు పుట్టింది. ఎందుకంటే సరిగ్గా అదే మాట ఈయన నాలిక మీద కూడా ఉందంట! ఇంటికొచ్చి పెళ్లాం ఆదెమ్మతో, 'నేను గొంతు సవరించుకునేలోగా వాడు అనేశాడే' అని ఒకటే గోల. దాని మీద ఏమైందంటే, ఈసారి నీటి తడి చివరి నుంచి మొదలెట్టి మొదటికి రావాలని సంఘం తీర్మానం చేసింది. అందరూ చేతులెత్తారు, తిరపతయ్యా ఎత్తాడు. ఎత్తి ఇంటికొచ్చాక, 'వాడి పొలం చివరుంది గనక వాడి కోసమే పెట్టుకున్నాడిది' అని మొదలెట్టాడు. ఎత్తింది ఎవరి చెయ్యయ్యా అని ఆదెమ్మ అడిగితే తువ్వాలు దులుపుకుని బయటికి పోయాడు.

వరి వెన్ను తియ్యబోతా పొట్ట మీదుందనుకో, ఆ తడి తప్పితే పంటంతా గింజలేని తాలే. ఇంకో సంగతి చెప్పాలి మీకు. ఆ ఊళ్లో వంతొచ్చినప్పుడు మనిషి తన మడవ కాడ, అంటే చేలోకి నీళ్లు తిరిగే గండి కాడ, నిలబడి ఉండాల. లేకపోతే మూడు కేకలేస్తారు, పలక్కపోతే వంతు పోయినట్టే. ఈ తిరపతయ్య ఏం చేశాడు? తువ్వాలు నెత్తినేసుకుని కాలవ చివరికి పోయి తోడల్లుడి గట్టు మీద కూర్చున్నాడు, వాడెక్కడ ఎక్కువ పెట్టుకుంటాడోనని. పోలేరయ్య తన వంతు అవగానే మడవ కట్టేసి, వంతులు చూసుకుంటా పైకి పోయాడు. ఈయన లేస్తాడా? లేవడు. మళ్లీ తిరిగొచ్చి తెరుస్తాడని కాపలా. నీళ్లు ఒక్కో చేను తడుపుకుంటా పైకిపోయి, పైకిపోయి, ఈయన చేని కాడికే వచ్చినయ్యి. మూడు కేకలేశారు. ఎక్కడో చివరున్న మనిషికి ఏం వినపడుద్ది? ఇక కాలవ తూము దించి నీళ్లు ఆపేద్దామన్నారంట. అప్పుడు పోలేరయ్య, ఆగండయ్యా, ఆయన తరఫున నేనుంటానని చొక్కా విప్పి గట్టున పడేసి, తనే మడవ తెంచి చేనంతా తడిపాడు.

పొద్దుగూకినాక తిరపతయ్య మీసం దువ్వుకుంటా ఇంటికొచ్చి, 'ఇయ్యాల వాడొక్క చుక్క కాజేయలేదే, నేనుండబట్టి' అన్నాడంట. ఆదెమ్మ అన్నం పెడతా, 'మన చేను మా మరిది తడిపాడు, నువ్వు కేకలకి పలక్కపోతేను' అంది. ముద్ద చేతిలోనే ఆగింది. ఆగి ఏమన్నాడో తెలుసా, 'చూశావా వాడి పని, నా వంతు కూడా వాడే చేశాడు. ఇక ఊరంతా వాణ్ణే పొగుడుద్ది' అన్నాడు. ఆదెమ్మ, 'అయితే చేను ఎండిపోతే నీకు సంతోషమా?' అనడిగింది. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించి, 'సంతోషమే. అప్పుడు తప్పు వాడిదయ్యేది' అన్నాడంట. ఆదెమ్మ లేచి దీపం ఒత్తి ఎగదోసింది.

వడ్లు మాత్రం బాగా పండినయ్యి. ఆ అన్నమే యేడాదంతా తిన్నాడు, ఒంటికి పట్టలేదంతే. నవ్వుతారేందమ్మా? పక్కోడి గట్టు మీద కూర్చుని సొంత మడవ మర్చిపోయేవోళ్లు ఇక్కడ కూడా ఉన్నారు, పేరు చెప్పమంటారా?