వెనక మెట్ల తలుపు

ఒక్క మాట అనలేకపోయినవా తాతా? పదిమంది మీదపడి హెల్మెట్లతో కొడుతుంటే "నేను కాదు బిడ్డా" అని ఒక్క మాట! ఇప్పుడు చూడు, దవడకు తీగలు కట్టిన్రు. ఇగ చెప్పాలన్నా నీతోని కాదు.

లేవకు. పడుకో. కదలొద్దన్నడు డాక్టరు.

పొద్దున హాస్టల్‌కు పోయొచ్చిన. మా నాయిన మాదాపూర్‌ల కట్టిన, నువ్వు వాచ్‌మెన్‌గ కావలి కాసిన నాలుగంతస్తులు ఎట్లున్నయో తెలుసా? కుమ్మరి ఆవంల కాలిన కుండ లెక్క. మంచాల ఇనుము వంకర్లు పోయింది. రెండో అంతస్తుల ఎవరిదో ల్యాప్‌టాప్ కరిగి గచ్చుకు అతుక్కపోయింది. కాలితో తన్నిన. ఊడలే.

గీజర్ వైరు అంటుకున్నదట. పట్టపగలు పదకొండు గంటలకు! ఊరంతా మేలుకొని ఉండే వేళ. కాని మన హాస్టల్ ఆడపిల్లలకు అదే నడిరాత్రి గదా. నైట్ షిఫ్ట్ చేసొచ్చి, కిటికీలకు దుప్పట్లు కట్టుకొని పడుకుంటరు. పొగ గొంతుల దిగేదాక తెలివి రాలే.

"ప్రశాంతి మేడం, మంటలార్పే సిలిండర్లు ఏవి?" అంటడు ఎస్సై. ఏం చెప్పాలె? మన గల్లీల ఆరు హాస్టళ్లకు కలిపి ఉన్నయే ఆ ఎనిమిది అని చెప్పాలెనా? ఏ హాస్టల్ల తనిఖీ ఉంటే ఆ హాస్టల్‌కు నువ్వే తోపుడుబండి మీద తోల్కపోయి, దుమ్ము తుడిచి, గోడలకు తగిలిస్తవని? సార్లు గేటు దాటంగనే మళ్ల దించుతవని? మొన్న వంతు రంగనాథ్ అంకుల్ హాస్టల్‌ది. మంటలు మన దగ్గర, సిలిండర్లు మూడిళ్ల అవతల! ఎస్సై ముందలనే పకపక నవ్విన. దీనికి పిచ్చి లేసిందనుకున్నడు.

సరే, సిలిండర్ల పాపం ఆరుగురిది. మరి తలుపుది?

యూనివర్సిటీల ఉన్నప్పుడు లేడీస్ హాస్టల్‌కు తొమ్మిదింటికే తాళమేస్తుండె. మైకు పట్టుకొని వార్డెన్‌ను ఉతికి ఆరేసిన. "మా భద్రత మీకంత ముఖ్యమైతే తాళం లోపలికెల్లి పెట్టున్రి" అన్న. చప్పట్లే చప్పట్లు! సుత్తె తెచ్చి ఆ తాళం పగలగొట్టింది గూడ నేనే.

ఆ నేనే, నాయిన పోయినంక హాస్టల్ ఓనర్ కుర్చీల కూసున్న. పిల్లల తల్లిదండ్రులు వచ్చి, "వెనక మెట్ల తలుపు తెరిచెందుకు పెడ్తరమ్మా, బైకుల మీద ఎవరెవరో వస్తరంట" అన్నరు. వాళ్లకు జవాబు లేదా నా దగ్గర? ఉంది. కాని చెప్తే పక్క హాస్టల్‌కు పోతరు. తాళమేసిన. నువ్వడిగినవ్ ఆనాడు, "ఆపదొస్తే ఎట్ల బిడ్డా?" అని. ఏమన్నా నేను? "ఆపదొస్తే నేను లేనా తాతా?"

లేను. గచ్చిబౌలిల కాఫీ తాగుకుంట కూసున్న.

ముందటి మెట్లు మంటలల్ల ఉన్నయి, లోపల పదిహేడు మంది. తలుపు మీద గుద్దుతున్నరు, గీకుతున్నరు, అమ్మా అమ్మా అని ఒకటే కేకలు. నువ్వు బయట గడ్డపార పట్టుకొని కొట్టినవ్. కొట్టినవ్, కొట్టినవ్... కొండి ఊడింది. నిన్ను తొక్కుకుంట బయటపడ్డరట అందరు.

రాహేలు ఒక్కతే తలుపు ఊడేదాక ఆగలే. కిటికీలకెల్లి దుంకింది. ప్రహరీ గోడ మీద పడ్డది. ఇదే దవాఖానల పై అంతస్తుల ఉంది. నడుము కింద స్పర్శ లేదట. ఇరవై మూడేండ్లు తాతా!

నేనొచ్చేసరికి ఆమె అన్న జాన్సన్, దోస్తులు గేటు కాడ ఉన్నరు. "తాళం చెవి ఎవని దగ్గరుంది?" అని నా ముఖంల ముఖం పెట్టి అరిచిండు.

"వాచ్‌మెన్ దగ్గర" అన్న.

అంతే. అన్ని డిబేట్లు గెలిచిన నోరు! చెవి నా బ్యాగుల ఉంది. బ్యాగు నా భుజానికుంది.

మొదటి దెబ్బకే నువ్వు మోకాళ్ల మీద పడ్డవ్. రెండోది దవడ మీద. కొమ్మ విరిగినట్టు చప్పుడు. నీ పన్నొకటి నా చెప్పు కాడికి దొర్లింది. ఆపున్రి అనలే. కారు తలుపు పట్టుకొని నిలబడ్డ. ఒక్కసారి నా దిక్కు చూసినవ్. నీకు తెలుసు. ఐనా నోరిప్పలే. ఎందుకు? మా నాయిన ఉప్పు తిన్నవనా? థూ! కాల్చెయ్యాలె ఆ ఉప్పును!

ఎస్సై బయటనే ఉన్నడు. కాగితం రాసుకొచ్చిన. "చెవి నేనే పోగొట్టిన, భయపడి ప్రశాంతి మేడంకు చెప్పలే." నీ మాటల్లెక్కనే రాసిన, ఎక్కడా సందు దొరకదు. నీ మనవరాలు రజిత చదువు నేను చూసుకుంట. ఇట్ల బేరమాడుతున్న నీతోని, సూదులు గుచ్చిన మనిషితోని! నాకు సిగ్గు లేదు గదా తాతా?

వద్దంటే తల ఊపు. చింపేస్త. ఒట్టు. పోయి నా చేతులు నేనే ఎస్సై ముందల పెడ్త. నోటితోని కాకుంటే కాలితో తన్ను నన్ను. ఆ గ్లాసు తీసి ముఖం మీద కొట్టు!

ఏంది... దుప్పట్లకెల్లి చెయ్యెందుకు తీస్తున్నవ్?

బొటనవేలెందుకు చాపుతున్నవ్ తాతా? జర కోపం రాదా నీకు? నన్ను కాపాడుతవా? నన్నా?

...

దించకు. అట్లనే ఉంచు. ఇంకు ప్యాడ్ తీస్తున్న.

ఇంట్లకెల్లే తెచ్చుకున్న.