ఎడమకి తిరగని బండి

(వసారాలో స్టాండు వేసిన మోటారుసైకిలు. దాని ముందు పీట మీద తాతయ్య, చేతిలో హెల్మెట్‌తో మనవరాలు. వంటింట్లో అమ్మమ్మ.)

"...అందుకే చెప్తున్నా అమ్మడూ, ఈ చేతులు పడిన ఎక్సిలేటర్ కేబుల్ మళ్ళీ మెకానిక్ మొహం చూసిన పాపాన పోలేదు."

"సరే తాతయ్యా. మరి హ్యాండిల్ ఎడమకి తిప్పితే ఇంజన్ దానంతటదే ఎందుకు అరుస్తోంది?"

"అరవడం కాదు. హుషారు."

"పదింటికి నాకు లైసెన్సు పరీక్ష. ఎనిమిది అంకె వేయాలి. అందులో సగం ఎడమకే తిరగాలి. అక్కడ ఇది హుషారుపడి ఇనస్పెక్టరు గారి ఒళ్ళో కూర్చుంటే?"

"ఆ పళంగా సంతకం పెట్టించుకో."

"నవ్వకు. ఇది మూడోసారి. ఇవాళ లైసెన్సు రాకపోతే సోమవారం నుంచి రావద్దన్నారు కొరియర్ ఆఫీసులో."

"మొన్నటిదాకా బాగానే ఉందిగా బండి?"

"ఉంది అమ్మమ్మా. నిన్న సాయంత్రం తాతయ్య చెయ్యి పెట్టేదాకా."

"నువ్వు వంటింట్లోంచి సాక్ష్యాలు అడక్కే. కేబుల్ లూజుగా ఉందని బిగించా, అంతే."

"ఎంత బిగించావ్?"

"మీటితే పాడేలా."

"అదీ సంగతి. కొంచెం లూజు ఉండాలి తాతయ్యా, బియ్యపుగింజ మందం. లేకపోతే హ్యాండిల్ తిప్పగానే కేబుల్ లాగేసి ఇంజన్ రేజ్ అవుతుంది."

"నాకా చెప్తున్నావ్? ఆ పానా ఇలా ఇయ్యి. నేను ఉత్తరాలు పంచే రోజుల్లో పోస్టాఫీసువాళ్ళిచ్చిన బండికి సరిగ్గా ఇదే జబ్బు. ఎడమకి తిప్పామా, ఇక మన చేతిలో ఉండేది కాదు. ఓసారి అలాగే ఎవరో ఆరేసిన దుప్పట్లో దూరి పక్క ఊళ్ళో తేలా. దుప్పటితో సహా."

"ముందు ఆ నట్టు వదులు చెయ్యి."

"చేస్తున్నా. దాంతో ఎడమకి తిరగడమే మానేశా. నెల రోజులు ఎడమ వీధులకి ఉత్తరాల్లేవు. అన్నీ కుడివైపు వాళ్ళకే ఇచ్చేశా."

"వేరేవాళ్ళ ఉత్తరాలా?"

"శుభ్రంగా చదువుకున్నారు. ఒకాయనైతే జవాబులు కూడా రాశాడు."

"మరి నువ్వు ఇంటికెలా వచ్చేవాడివి?"

"కుడికీ, కుడికీ, కుడికీ తిరిగితే ఎప్పటికైనా ఇల్లు రాక చస్తుందా?"

"అలా తిరిగి ఎడమ వీధికీ వెళ్ళొచ్చుగా?"

"నట్టు తిప్పేవాణ్ణి లెక్కలు అడక్కూడదు."

"మా పుట్టిల్లు ఎడమ వీధే. నాలుగు వారాలు నా వారపత్రిక రాలేదు. ఆ సీరియల్లో పిల్ల డాక్టర్ని చేసుకుందో డ్రైవర్ని చేసుకుందో నాకిప్పటికీ తెలీదు."

"చూశావా అమ్మడూ, మీ అమ్మమ్మ ఇలాగే రోజూ పోస్టాఫీసు గుమ్మంలో నిలబడి నన్ను కడిగేసేది."

"కడగనూ మరి?"

"అయిదో వారం నేనే అన్నా. నన్ను చేసుకుంటే పత్రిక ఇంటికే వస్తుంది కదా అని."

"అప్పటికి చందా అయిపోయింది."

"తాతయ్యా, చాలు, ఇంకొంచెం తిప్పితే ఊడొచ్చేలా ఉంది. ఆ లూజు అలాగే ఉంచి నట్టు బిగించెయ్యి. స్టార్ట్ చేస్తున్నా. ఎడమ చివరికి... ఏం లేదు. కుడి చివరికి... ఏం లేదు. అరవట్లేదు తాతయ్యా."

"ఎందుకు అరుస్తుంది? మర్యాద నేర్పాంగా. ఇక బయల్దేరు."

"ఒక్క నిమిషం. దారిలో మళ్ళీ పట్టేస్తే? ఆ పాత బండికి నట్టు ఎన్ని చుట్లు తిప్పితే కుదిరింది?"

"ఏ పాత బండికి?"

"అదే, ఎడమకి తిరగనిదానికి."

"ఆ... అదా... టైమవుతోంది నీకు."

"ఎన్ని చుట్లు తాతయ్యా?"

"చెప్పండి. నేనూ వింటా. చేతులు తుడుచుకుని వచ్చా."

"నువ్వెందుకే ఇప్పుడు, పొయ్యి మీద ఏదో మాడుతోంది."

"తాతయ్యా, నిజం చెప్పు. నువ్వసలు ఎప్పుడైనా కేబుల్ విప్పావా?"

"నిన్నటికి ముందా? లేదు."

"మరి నీ చెయ్యి పడిన కేబుల్ మెకానిక్ మొహం చూడలేదన్నావ్?"

"నిన్నటి నుంచి చూడలేదు కదా. చూసిందా?"

"దేవుడా. ఆ దుప్పటి?"

"దుప్పటి నిజమే. అది నా డ్రైవింగు."

"నా పత్రికలు?"

"అవి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, నాలుగూ నా సంచిలోనే ఉండేవి."

"మరి ఇందులో అబద్ధం ఏది తాతయ్యా?"

"కేబుల్ చెడిందన్న ఒక్క ముక్కే అల్లాను అమ్మడూ. ఆ బండి ఎటు తిప్పితే అటు తిరిగేది. కాకపోతే ఎడమకి తిరిగితే మీ అమ్మమ్మ పత్రిక అందుకుని తలుపేసుకునేది."