అంబులెన్సులన్నీ ఒదిలియా ఇంటికే

కోస్టారికాలో, ఎరేదియా పట్నంలో, ఒదిలియా వంటిల్లు. నాలుగు కావడానికి ఇంకా పావుగంట. బయట వాన, గుమ్మం ముందు అంబులెన్సు. బల్ల దగ్గర కూతురు యోర్లేని, ఒదిలియాని గౌరవంగా ‘దోన్యా’ అని పిలిచే అంబులెన్సు డ్రైవరు గ్రెయ్‌విన్.

“మూడోసారమ్మా! పొద్దున్నించి ఇది మూడోసారి! ఎవరింటి చిరునామా చెప్పినా నా యంత్రం అంబులెన్సుని మనింటికే పంపుతోంది!”

“మంచిదేగా యోర్లేనీ. గుమ్మంలో అంబులెన్సుంటే ఎంత ధైర్యం! రేపు నాకే గుండెదడ వస్తే...”

“నీకు రాలేదు. దడ నాకొస్తోంది. నాలుగింటికి పరీక్ష. యూనివర్సిటీ పెద్దాయన ఈ పేటలో తనకి నచ్చిన ఇంట్లో కూర్చుని, జబ్బు మనిషిలా ఫోన్ చేస్తాడు. ఆ మాటలు విని యంత్రం గ్రెయ్‌విన్‌కి దారి చూపాలి. మళ్లీ ఇక్కడికే చూపిందో, నా రెండేళ్ల కష్టం మట్టిపాలు!”

“నాకేం ఫిర్యాదు లేదు దోన్యా ఒదిలియా. ఇంకో కప్పు కాఫీ ఉందా?”

“ఉంది నాయనా గ్రెయ్‌విన్. ఆ మొక్కజొన్న రొట్టె కూడా తీసుకో. మొహం పాలిపోయింది, ఒంట్లో రక్తం ఉందో లేదో చూపించుకున్నావా?”

“మీరు తాగరా?”

“నేను... ఇందాక తాగాన్లే. అదీ ఒక తాగడమేనా.”

“అమ్మా, మాట తప్పించకు. మూడువందల పన్నెండు ఇళ్లూ తిరిగింది నువ్వేగా?”

“నేనే. మోకాళ్లు అరిగిపోయాయి. ఒక కుక్క కూడా వెంటపడింది. అది పిచ్చికుక్కేమోనని వారం రోజులు నీళ్లు తాగి చూసుకున్నాను, గొంతు దిగుతున్నాయో లేదోనని.”

“వాళ్లు చెప్పే చిరునామా రాసుకుని, ఆ ఇంటి ముందే నిలబడి, ఆ చోటు గుర్తుండేలా ఫోన్లో మీట నొక్కమన్నాను. నొక్కావా?”

“కాఫీ చల్లారిపోతోంది.”

“అమ్మా!”

“నన్నడిగితే తప్పు యంత్రానిది కాదు, మీ ఊరిది. నేను గ్వానకాస్తె నుంచి వచ్చినవాణ్ణి. ‘పాత సబ్బుల ఫ్యాక్టరీ నుంచి వంద మీటర్లు దక్షిణం, యాభై పడమర’ అంటారు. ఫ్యాక్టరీ ఏదీ అంటే, కూలిపోయి ముప్ఫయ్యేళ్లయిందంటారు. లేనిదాన్నించి ఎట్లా కొలవను?”

“ఫ్యాక్టరీ పోతే పోయింది, దాని చోటెక్కడికి పోతుంది నాయనా?”

“పోనీ వంద మీటర్లయినా వంద ఉంటాయా? బండిలో చూస్తే నూట ముప్ఫై!”

“వంద మీటర్లంటే వీధి ఈ మూల నుంచి ఆ మూలకి. ఎంతుంటే అంత. ఎవరైనా కొలుస్తారా, చోద్యం కాకపోతే!”

“అందుకేగా ఈ యంత్రం! ఇలాంటి మాటలు కుప్పలు తెప్పలుగా వినిపించి నేర్పించాను. మాటలన్నీ నేర్చుకుంది. ఇళ్లే... అమ్మా, నిజం చెప్పు. మీట ఎక్కడ నిలబడి నొక్కావు?”

“నిలబడి కాదు.”

“మరి?”

“కూర్చుని. ఇదే కుర్చీలో.”

“అయ్యో దేవుడా!”

“అన్నీ కాదే! నాణెం ఎగరేశాను. అంకె పడితే ఆ ఇంటి ముందే నొక్కాను. ముద్ర పడితేనే ఇంటికొచ్చి నొక్కాను.”

“ఎందుకమ్మా? ఎందుకు?”

“ఎందుకేమిటి? ఏ ముసలమ్మ ఎక్కడ ఒంటరిగా ఉంటుందో అన్నీ ఒకచోట పోగేస్తున్నావు. ఆ పోగు దొంగల చేతిలో పడితే? ఒక్క రాత్రిలో పేటంతా ఊడ్చేస్తారు! అందుకే, వచ్చేవాడు మనింటికే రానీ అనుకున్నాను. ఇక్కడ ఎత్తుకెళ్లేదేమీ లేదు. నేనెలాగూ నిద్రపోను.”

“నవ్వకు గ్రెయ్‌విన్.”

“నవ్వట్లేదు. రొట్టె అడ్డం పడింది.”

“ఒకటి చెప్పనా అమ్మా? పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో ఇప్పుడు తలలు బద్దలుకొట్టుకుంటున్నది దీని మీదే. ఎవరి గుట్టు వాళ్లకి దక్కాలని, కావాలనే నాణెం వేసినట్టు కొంచెం అబద్ధం కలుపుతారు. ఒక మనిషి సంగతి బయటపడదు, ఊరి మొత్తం లెక్క మాత్రం తేలుతుంది.”

“చూశావా! ఆరో తరగతితో మానేసినా...”

“కానీ అంబులెన్సుకి కావలసింది ఊరి లెక్క కాదు, ఒక ఇల్లు! అయినా ఆగు. నాణెం వేస్తే సగానికేగా ముద్ర పడాలి? ఇదిగో, ఇప్పుడు చూస్తున్నాను... రెండువందల తొంభై ఇళ్లు ఈ కుర్చీలోనే ఉన్నాయి!”

“ఇప్పుడా చూడ్డం?”

“అమ్మ చేసిన పని కదా అని చూడలేదు గ్రెయ్‌విన్! అమ్మా, రెండువందల తొంభై ఎలా వచ్చాయి?”

“అంకె పడ్డప్పుడు మనసొప్పలేదు. మళ్లీ వేశాను.”

“మళ్లీ అంకె పడితే?”

“ముద్ర పడేదాకా వేశాను.”

“దోన్యా ఒదిలియా, ఇంక నాణెమెందుకండీ?”

“నేనేదో కావాలని చేసినట్టు ఉండకూడదుగా నాయనా.”

“మరి ఆ మిగిలిన ఇరవై రెండు ఇళ్లు?”

“అవి ఎతెల్వీనా వీధివి.”

“నాలుగేళ్లుగా నీతో మాటల్లేని ఎతెల్వీనాయేనా?”

“నా కాఫీ వడగట్టే గుడ్డని పాత మేజోడు అన్నదా లేదా? అందరి ముందూ! ఆమె వీధిలో నాణెమే వెయ్యలేదు. ఒక్కో గేటు ముందు నిలబడి గట్టిగా నొక్కాను. దొంగలు దారి తప్పకూడదుగా.”

“ఇంకేం చెయ్యను? ఆయన సరిగ్గా ఆ వీధిలోనే కూర్చోవాలి. మూడువందల పన్నెండిట్లో ఇరవై రెండు! దేవుడే దిగిరావాలి.”

“ఇంత చిన్నదానికి దేవుణ్ణెందుకు శ్రమపెట్టడం?”

“నీకు చిన్నదే! ఆ గొడుగేమిటి అలా కారుతోంది? ఇంత వానలో ఎక్కడికెళ్లావు?”

“మొక్కజొన్న పిండికి.”

“ష్, ఫోన్! వస్తోంది! ‘సబ్బుల ఫ్యాక్టరీ నుంచి రెండువందలు దక్షిణం, పాతిక తూర్పు, గుండెనొప్పి, త్వరగా రండి’...”

“పెద్దాయన బాగా నటిస్తున్నాడు. యంత్రమేమంటోంది?”

“చూడలేను. గ్రెయ్‌విన్, నువ్వే చూడు.”

“ఇక్కడికి... కాదు! ఇక్కడికి కాదు! ఎతెల్వీనా గారి గేటు! వెళ్తున్నా! దోన్యా, కప్పు మీద మూత పెట్టండి!”

“అమ్మా! ఆ వీధే! ఆ ఇల్లే!”

“నెమ్మదిగా పోనివ్వమను, వానలో బండి జారుతుంది.”

“ఇదిగో, గ్రెయ్‌విన్ నుంచి. చేరాడట. మూడు నిమిషాలు! పెద్దాయన చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడట! రేపే ఇద్దరం ఇల్లిల్లూ మళ్లీ తిరుగుతాం, నాణెం నా చేతికిచ్చెయ్.”

“అలాగే. స్వెటర్ వేసుకుని రా.”

“కానీ అమ్మా, ఇన్ని ఇళ్లుండగా ఆయన వెళ్లి వెళ్లి ఎతెల్వీనా ఇంట్లోనే ఎలా కూర్చున్నాడంటావు?”

“పాపం, మధ్యాహ్నం తడుస్తూ వచ్చి వీధి చివర నన్నే అడిగాడు, ‘అమ్మా, ఈ పేటలో అన్నిటికంటే దొరకని ఇల్లేది?’ అని. గొడుగు పట్టి ఎతెల్వీనా గుమ్మంలో దించి, నాలుగేళ్ల తరవాత ఆమె చేతి పాడు కాఫీ గుటకేసి మరీ వచ్చాను.”