ఎనిమిది మంది ఫలితాలూ ఆపిన అక్క

పెద్దలకు, తోటి క్రీడాకారులకు, అక్క ఇంటివాళ్లకు నమస్కారం. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు చూడండి, అదీ మా విజిలక్క సంపాదన. ముప్పై ఏళ్లు మెడలో విజిల్‌తో పరుగు పందేలకు రిఫరీగా చేసిన మనిషి మొన్న మంగళవారం మనల్ని వదిలి వెళ్లిపోయింది. నాకు ఏడుపొస్తోంది. అంతకన్నా ఎక్కువ గర్వంగా ఉంది. గర్వంగానే మాట్లాడతాను.

పందొమ్మిదేళ్ల కిందట ఎనిమిది వందల మీటర్ల ఎంపిక పోటీ. ముగ్గురికే జట్టులో చోటు. నేను నాలుగోదాన్ని. మొదటొచ్చిన అమ్మాయి మాకు అందనంత ముందుంది. అసలు ఆడపిల్లేనా అని ఫిర్యాదొచ్చింది. అక్క మైకు తీసుకుని, ఆ అమ్మాయి ఫలితం ఆపామని పేరుతో సహా చదివేసింది. అంతే! గ్రౌండంతా గుసగుసలు. ఒక కోచ్ అయితే, గదిలోకి తీసుకెళ్లి ఇప్పుడే చూడమన్నాడు. ఎవరు చూడాలయ్యా? ఏం చూడాలి? బట్టలు మార్చుకునే గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది అక్క. "చూసేది డాక్టరు. నాకొచ్చేది సీలు వేసిన కవరు. మీకొచ్చేది ఏమీ లేదు, పదండి" అంది. గ్రౌండు ఖాళీ అయ్యేదాకా లేవలేదు.

కవరొచ్చింది. ఆనాటి రూలు ప్రకారం ఆ అమ్మాయికి మహిళల పోటీలో అర్హత లేదు. ఆడపిల్లగా పుట్టి పెరిగిన పిల్ల, పుట్టుకతో తన ఒంట్లో ఉన్న తేడా తనకే తెలియని పిల్ల! అక్క రూలు అమలు చేసింది. నా చోటు నాకిచ్చింది. ఆ మర్నాడు ఆ పిల్ల ఇంటికెళ్లి, "రూలు నేను రాయలేదమ్మా. మైకులో నీ పేరు చదివింది మాత్రం నేనే. ఆ తప్పు నాది" అంది. తప్పు ఒప్పుకున్న రిఫరీని మీలో ఎంతమంది చూశారు?

అప్పటినుంచి ఒక్కరి మీద అనుమానమొస్తే పందెంలో పరుగెత్తిన ఎనిమిది మంది ఫలితాలూ ఆపేది. ఎవరి గురించని అడిగితే "అందరి గురించీ" అనేది. పిల్లల అమ్మానాన్నలు తిట్టారు, కోచ్‌లు దుమ్మెత్తిపోశారు. అక్క లొంగిందా? కమిటీలో ఏటా ఒకటే మాట. "ఓడినదాని కష్టం నిజం. ఫలితం ఆగినదాని అవమానం నిజం. ఒకటి చూసి రెండోదానికి కళ్లు మూసుకోకండి."

ఆ పిల్లనూ వదల్లేదు. తర్ఫీదిచ్చి స్టార్టర్‌ని చేసింది. ఇవాళ మన పందేలన్నీ మొదలుపెట్టేది ఆవిడే, అదిగో, వెనక గోడ దగ్గర నిలబడి ఉంది. నిన్న నాకు ఫోన్ చేసి, "నా సంగతి కూడా చెప్పు, అక్క ఏమిటో అందరికీ తెలియాలి" అంది. అందుకే చెప్పాను.

కానీ చెల్లీ, నీకు తెలియనిది ఒకటుంది. ఆ ఫిర్యాదు రాసింది నేనే. "అడగడం నీ హక్కు. ఆ పిల్లకు చెప్పడం నీ పని, నేను చెప్పను" అంది అక్క. తను చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అడిగినందుకు నేను సిగ్గుపడను. ఇన్నేళ్లూ నీతో టీలు తాగుతూ దాచినందుకు సిగ్గుపడుతున్నాను. జవాబు ఇక్కడ, ఇందరి ముందు ఇవ్వక్కర్లేదు.

అందరూ లేవండి. అక్క కోసం ఒక్క నిమిషం మాటలన్నీ పక్కన పెడదాం. నేను వేదిక దిగి నీ దగ్గరకొస్తున్నాను చెల్లీ. నీ పక్కన నిలబడనిస్తావా?