కట్ చెప్పని మొండాయన

మొహం అలా వేలాడేసుకున్నావేంరా మనవడా? నీ నిర్మాత ఆ పొడుగు షాటు కత్తిరించమన్నాడు, అంతేగా? జనానికి విసుగొస్తుందన్నాడా? అబ్బో, మా డైరెక్టరుకీ అదే పాట పాడారు. పోయి చాలా ఏళ్లయిందిలే, మొండాయన అనేవాళ్లం. నోరు తెరిచి ‘కట్’ అనేవాడు కాదురా. మా మాటలైపోయేవి, ఏడుపైపోయేది, కెమెరా మాత్రం రీలు అయ్యేదాకా తిరుగుతూనే ఉండేది. మేం గుడ్లప్పగించి నిలబడేవాళ్లం. మా హీరో ఒకడుండేవాడు, జుట్టు చెదిరితే ప్రాణం పోయేది వాడికి, ‘ఇంకెంతసేపండీ’ అని ఒకటే గొణుగుడు. సరే, వాడి సంగతెందుకిప్పుడు.

ఏం చెబుతున్నాను? ఆ, ఆయన తీసిన ఒక సినిమాలో నాది తల్లి వేషం. కొడుకు పోయాడని కబురొస్తుంది. ఏడ్చాను, బాగానే ఏడ్చాను. అయినా కట్ లేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక పక్కనున్న ఉతికిన బట్టలు మడతపెట్టడం మొదలెట్టాను. అందులో కొడుకు చొక్కాకి గుండీ ఊడి ఉంది. అల్మారాలో సూదీదారం కనబడితే కుట్టేశాను. మరి అమ్మని కదరా, ఊరుకుంటానా? దారం పళ్లతో కొరికి తలెత్తేసరికి ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు.

మా నిర్మాత అది చూసి గయ్యిమన్నాడు. ‘పోయినవాడి చొక్కాకి గుండీ ఏంటండీ? తీసెయ్యండి, రాబోయే పెద్ద సినిమా మీకే ఇస్తా.’ ఈయన నింపాదిగా, ‘అది మీ దగ్గరే ఉంచుకోండి. గుండీ తీస్తే నా పేరూ తీసెయ్యండి’ అన్నాడు. ఆ పేరుతో పోస్టర్లు అప్పటికే ఊరంతా అంటించేశారు, ఇంకేం చేస్తాడు పాపం, పళ్లు నూరుకుని వదిలేశాడు. మొదటి ఆటకి హాల్లో ఈలలే ఈలలు. ‘కట్ చెప్పండ్రా బాబూ’ అని కేకలు. నాకు తల కొట్టేసినట్టయి లేచిపోబోయాను. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ‘అరవనీ అమ్మాయ్. నువ్వు కుడుతూనే ఉన్నావు, చూడు’ అన్నాడు.

ఆ తర్వాత ఆయనకెవరూ సినిమా ఇవ్వలేదు. చిన్న స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటూ పోయాడు. బాగుపడలేదు, ఒప్పుకుంటా. చెడిపోయాడని ఎవరైనా జాలిపడితే మాత్రం నేనూరుకోను. ఆ నిర్మాత తీసిన పెద్ద సినిమా ఎవరికి గుర్తుందిరా? నా గుండీ షాటు గురించి మొన్న కూడా ఎవరో పిల్ల వచ్చి అడిగి వెళ్లింది.

ఇంతకీ నువ్వేమన్నావు నీ నిర్మాతతో? ఆలోచించి చెబుతానన్నావా?

ఊఁ.

ఆ చొక్కా విప్పి ఇలా ఇవ్వు. రెండో గుండీ ఊగుతోంది.