రాగ్నక్క గడ్డిపెట్టె

ఏంటే టిరిల్, అదేనా నువ్వు కొత్తగా కొన్నది? ఇటు జరుపు, చూడనీ. పొద్దున్నే కూరలూ మాంసం అన్నీ పడేసి, ప్లగ్గు పెట్టేసి, మనం పిల్లల్నేసుకుని సముద్రం మీదికి పోయొస్తే, మనం వచ్చేసరికి ఉడికి కూర్చుంటుందా? ఉడికిందని ఫోనుకి కూడా చెప్తుందా? బానే ఉంది. ఎగతాళి కాదే తల్లీ, నిజంగానే అంటున్నా. కాకపోతే మా రాగ్నక్క ఇదే పని డెబ్భై ఏళ్ల కిందట ఓ చేపలపెట్టెతో చేసింది, కరెంటూ లేదు, గిరెంటూ లేదు. నీకు రాగ్నక్క గుర్తుండదులే, అప్పటికి నువ్వు మరీ చిన్నపిల్లవి. ఆ మూత మాత్రం తియ్యకు. ఆవిడుంటే చేతిమీద ఒక్కటేసేది.

ఎందుకంటే మూత తీస్తే వేడి పోద్ది, అంతే. గడ్డిపెట్టెకి ఉన్న శాస్త్రమంతా అదే. పెట్టె నిండా ఎండుగడ్డి కూరతావు, మధ్యలో గుంట చేస్తావు, పొయ్యిమీద పది నిమిషాలు తెర్లిన గిన్నెని న్యూసుపేపర్లో చుట్టి ఆ గుంటలో దించి, పైన మళ్లీ గడ్డి, దానిమీద దిండు, దానిమీద పలక, తాడు. ఐదు గంటలు దాని జోలికి పోకూడదు. లోపల దానంతటదే ఉడుకుద్ది. మా వీధిలో సగం ఇళ్లలో ఉండేవి, కాకపోతే చలికాలంలో, బొగ్గు కలిసొస్తుందని. దాన్ని వేసవి షికార్లకి పడవెక్కించింది మాత్రం మా అక్కే. ఎందుకో తెలుసా? మా అమ్మ వల్ల. ప్రతి వేసవికీ లామ్‌హోల్మెన్ దీవికి పోయేవాళ్లం కదా, మేమంతా నీళ్లలో ఈదుతుంటే అమ్మ ఆ రాళ్లపొయ్యి దగ్గర పొగ ఊదుకుంటూ కూర్చునేది. అమ్మ పోయాక అక్క ఓ రోజు గిన్నెలు తోముతూ తోముతూ ఆగి అంది, "సున్నీవా, అమ్మ ఆ దీవికి పదిహేనేళ్లు వచ్చింది, ఒక్కసారైనా సముద్రం వైపు తిరిగి కూర్చోవడం చూశావా నువ్వు?" నాకు ఎనిమిదేళ్లు, నేనేం చూస్తాను. "ఈ ఇంట్లో ఇంక ఎండరోజున ఎవరూ పొయ్యికి మొహం పెట్టరు" అంది. అన్నదంటే అన్నట్టే. తర్వాత తర్వాత చూడాలి, కొత్త వస్తువేదొచ్చినా ఆవిడకి కావాలి. ప్రెషర్ కుక్కర్ కొన్న ఏడు దాన్నీ దీవికి మోసుకొచ్చింది, అది బుస్సుమనేసరికి పక్క రాళ్లమీద స్నానాలు చేసేవాళ్లు బట్టలు కూడా చూసుకోకుండా లేచారు. సరే, అది వేరే కథ. ఏం చెప్తున్నా?

ఆఁ, మా బోర్గిల్డ్ అత్త. నాన్నకి అక్క, పైన లోయలో పెద్ద వ్యవసాయం. అమ్మ జనవరిలో పోయింది. అప్పటికి అక్కకి పద్దెనిమిది, సార్డీన్ చేపల ఫ్యాక్టరీలో డబ్బాలు నింపే పని. నేనూ, నాకంటే చిన్నవాడు ఈవర్. నాన్న పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. అమ్మ పోయింది మొదలు ఆయన నోరు మూతపడిపోయింది. పెట్టింది తినేవాడు, లేచిపోయేవాడు. తిన్నాక వండినవాళ్లకి భోజనానికి థాంక్స్ అనడం మన రివాజు కదా, అది కూడా అనేవాడు కాదు. నువ్వు ఫోను చూసుకుంటూ అయినా సరే, అది అనకుండా లేస్తావా? లేవవు. ఆయన లేచిపోయేవాడు. అక్క ఆయన కంచం తీసేటప్పుడు కాసేపు దాన్ని అలా పట్టుకుని నిలబడేది. అత్త మే నెలలో వచ్చింది, ఇల్లంతా చూసింది, అల్మారాలు తెరిచింది. "ఏమే పిల్లా, నువ్వు పగలంతా ఫ్యాక్టరీలో ఉంటావు, వీళ్లు ఎండురొట్టె కొరుక్కుంటున్నారు. ఇట్లా అయితే ఎట్లా? సున్నీవాని నేను తీసుకెళ్తా, పిల్లాణ్ణి బెర్గెన్‌లో మా చిన్నమ్మ దగ్గర పెడదాం. నడివేసవి పండక్కి వస్తాను, అప్పుడు చూసి చెప్తా" అంది. చెడ్డది కాదే పాపం. మంచి మనసే, కానీ ఎవరి చేతి వంటా ఆవిడకి నచ్చేది కాదు. పోతూ పోతూ నా కుందేలుని చూసి, "వీడు రెండు పూటలకి వస్తాడు" అంది.

దాని పేరు బిషప్. మెడచుట్టూ తెల్లగా చర్చి పెద్దల కాలర్‌లా పట్టీ ఉండేది, అందుకని. నాకు తమ్ముడు బెర్గెన్ పోతాడన్న బెంగ ఎంతో, అత్త బిషప్‌ని వండేస్తుందన్న బెంగ అంతకంటే ఎక్కువ. పిల్లల బుద్ధి. సరే, పండగ రోజు తెల్లారింది. అక్క ముందురోజే పెట్టెలో కొత్త ఎండుగడ్డి కూరి గుంట చేసి పెట్టుకుంది. పొద్దున్నే మాంసం, దుంపలు, క్యారెట్లు వేసి అమ్మ చేసే లాప్స్‌కౌస్ పొయ్యిమీద పెట్టింది. అత్త మెచ్చాలంటే అమ్మ వంటే చెయ్యాలి. నేను పెరట్లోకి పోతే బిషప్ దగ్గర గడ్డి అయిపోయింది. మేం సాయంత్రం దాకా రాం. పెరటినిండా పచ్చగడ్డి ఉంది, కానీ పొద్దుటి మంచుకి తడిసి ఉంది. తడిగడ్డి పెట్టకే, కడుపుబ్బి చస్తుంది అని నాకు చెప్పింది ఎవరనుకున్నావు? రాగ్నక్కే. నేను మాట వినే పిల్లని. పెట్టెలో అడుగునుంచి రెండు చేతుల నిండా మంచి ఎండుగడ్డి లాగి బిషప్‌కి పెట్టేసి, ఆ తడిగడ్డి కోసుకొచ్చి పెట్టెలో సర్దేశాను. కుందేలుకి తడి పనికిరాదని తెలుసు. గిన్నెకి కూడా పనికిరాదని నాకెవరు చెప్పారు?

మధ్యాహ్నం దీవిమీద బల్లగుడ్డ పరిచాం. అత్త ఇస్త్రీ గౌనులో రాయిమీద కూర్చుంది. అక్క తాడు విప్పింది, పలక తీసింది, దిండు తీసింది. ఆవిరి రాలేదు. పేపరు విప్పి గిన్నెమీద అరచెయ్యి ఆనించింది. ఆ మొహం నాకింకా కనిపిస్తానే ఉంటది టిరిల్. మూత తీస్తే పైన కొవ్వు తెల్లగా పేరుకుంది. దుంపలు సగమే ఉడికాయి. ఇంక చేసేదేముంది, అందరికీ వడ్డించింది. అత్త ఒక దుంప నోట్లో పెట్టుకుంటే కరకరమని చప్పుడు. అందరికీ వినపడింది. నేను తేలుకుట్టిన దొంగలా కూర్చున్నా. అత్త చెంచా కింద పెట్టింది, నోరు తెరవబోయింది.

అప్పుడు చూస్తే నాన్న తింటున్నాడు. తల ఎత్తకుండా, ఒక్కో దుంపా కరకరా నములుతూ మొత్తం ఖాళీ చేశాడు. కంచం చాపాడు, "ఇంకాస్త వెయ్యి" అన్నాడు. అదీ తిన్నాడు. రొట్టెముక్కతో ఆ పేరుకున్న కొవ్వంతా తుడిచి తిని, మూతి తుడుచుకుని, అక్క వైపు తిరిగి, "భోజనానికి థాంక్స్, రాగ్నా" అన్నాడు. జనవరి తర్వాత అదే మొదటిసారి. ఈవర్‌గాడు కూడా అన్నాడు, నేనూ అన్నా. ఇంక అత్త ఉంది. ఒక ముక్క తిన్నా తిన్నట్టే కదా, థాంక్స్ అనకుండా లేవడానికి లేదు. అందరం ఆవిడ మొహం చూస్తున్నాం. చాలాసేపు సముద్రం వైపు చూసి, "భోజనానికి థాంక్స్" అంది. అని, "ఈ ఊరి గడ్డి గడ్డే కాదు. మా పొలంనుంచి ఓ మూట పంపిస్తా" అంది. అంతే. తీసుకెళ్లే మాట మళ్లీ ఎత్తలేదు. ఆ మూట మాత్రం ఆవిడ బతికున్నన్నాళ్లూ ఏటా జూన్‌లో బస్సులో వచ్చేది.

నేను చెప్పలేదే. అక్కకి చెప్పలేదు. భయమేసింది, తర్వాత సిగ్గేసింది, తర్వాత మరీ పాతదైపోయింది. ఆ సాయంత్రం అక్క పెట్టె దులపడానికి పెరట్లోకి వెళ్లింది. అడుగున తడిగడ్డి, పక్కన మెడదాకా ఎండుగడ్డిలో పడుకున్న బిషప్. ఇంకేం చెప్పాలి. లోపలికొచ్చి నాకు జడ వేసింది, అంతే. మరుసటేడు పండక్కి గిన్నె పెట్టెలో దించబోతూ ఆగి, "సున్నీవా, బిషప్ తిన్నాడా?" అంది. "తిన్నాడక్కా" అన్నా. ఆ తర్వాతేడూ అదే. బిషప్ చచ్చి ముప్ఫై ఏళ్లయినా, కుక్కరొచ్చినా, ఇదుగో ఇలాంటి ప్లగ్గు డబ్బాలొచ్చినా, మూత పెట్టేముందు నా వైపు చూసేది. "బిషప్ తిన్నాడా?" నేను తిన్నాడనేదాన్ని. అంతకుమించి ఒకరినొకరం ఏమీ అడగలేదు.

చివర్లో వృద్ధాశ్రమంలో ఉన్నప్పుడు ఎవర్నీ గుర్తుపట్టేది కాదు. సొంత కూతుర్ని నర్సనుకునేది. నేను చెంచాతో తినిపిస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. నా పేరు రాలేదు ఆవిడకి. "బిషప్ తిన్నాడా?" అంది. తిన్నాడక్కా, నేనే పెట్టా, పెట్టెలోంచి తీసి నేనే పెట్టా అన్నాను. యాభై ఏళ్లకి చెప్పాను. "మంచిది" అని నోరు తెరిచింది, పెట్టమని.

...

ఏదీ, పిల్లలు ఇంకా చెప్పులేసుకోలేదా? పడవకి టైమైపోతుంది. వద్దే, మూత తియ్యకు.